పాత ఫ్లైట్ జాకెట్లు: తెలిసినవాళ్లు వద్దనేవి ఏవి, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలైతే చాలు, నా ఫోన్‌కు ఫొటోలు వస్తాయి. కాజీపేట నుంచి, జగిత్యాల నుంచి, ఒక్కోసారి ఆదిలాబాద్ నుంచి. "అన్నా, ఇది సెకండ్ వరల్డ్ వార్‌దంట, ముప్పై వేలు చెప్తున్నడు, తీసుకోవాల్నా?" అని. పదిహేనేళ్లుగా ఈ పిచ్చి ఉన్నవాణ్ని కాబట్టి అడుగుతారు. ఒకప్పుడు హన్మకొండలోని మా ఇంటి బీరువాలో తొమ్మిది ఉండేవి, ఇప్పుడు మూడున్నాయి. పోయిన ఆరింటి దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట రాసి పెడుతున్నాను.

జాకెట్ అంటే ఏ జాకెట్?

ముందు ఇది తేల్చుకోవాలి. మన దగ్గర జాకెట్ అంటే చీర మీదికి వేసుకునేదే. చాలా ఏళ్ల కింద వరంగల్ చౌరస్తాలో ఒక టైలర్ దగ్గరికి పోయి "జాకెట్ కుట్టాలి" అంటే, తల ఎత్తకుండానే "ఆది జాకెట్ తెచ్చిన్రా?" అన్నాడు. నేను సంచీలోంచి బొచ్చు కాలర్ తోలు కోటు బయటికి తీసేసరికి మిషన్ తొక్కడం ఆపేశాడు.

ఇక్కడ చెప్పేది ఫ్లైట్ జాకెట్ల సంగతి. యుద్ధ విమానం నడిపేవాళ్లకు, అందులో తుపాకీ పట్టుకుని కూర్చునేవాళ్లకు మిలిటరీ ఇచ్చిన పొట్టి కోట్లు, ఆ నమూనాలో తరవాత బజారు కోసం కుట్టినవి. కూర్చుంటే పొట్ట దగ్గర పోగుపడకుండా నడుం దాకానే ఉంటాయి. గాలి దూరకుండా నడుముకూ మణికట్లకూ ఊలు రిబ్బు, అంటే ఊలుతో అల్లిన సాగే పట్టీ, ఉంటుంది.

ఏ-2, జీ-1, బీ-3, ఎంఏ-1... ఈ పేర్లేంటి? చూడడానికి అన్నీ ఒకటే కదా?

దూరం నుంచి ఆవు, గేదె కూడా ఒకటే. కొంచెం దగ్గరికి రండి.

ఏ-2 అమెరికా సైన్యపు విమాన దళానిది, 1931లో మొదలైంది. ముదురు గోధుమరంగు, చాలావరకు గుర్రపు తోలు. భుజాల మీద పట్టీలు, మొనలు ఎగరకుండా టిచ్ బటన్లతో కిందికి నొక్కే కాలర్, మూతలున్న రెండు జేబులు, వీపంతా ఒకే తోలు ముక్క. 1943లో అమెరికా దీన్ని ఆపేసి గుడ్డ జాకెట్లకు మారిపోయింది. అంటే దీని అసలు ఆయుష్షు పన్నెండేళ్లే. ఆ పన్నెండేళ్ల జాకెట్ కోసమే ఇన్ని గొడవలు.

జీ-1 అమెరికా నౌకాదళ పైలట్లది. మేక తోలు, బొచ్చు కాలర్, చేతులు ముందుకు చాపితే పట్టేయకుండా భుజాల వెనక మడతలు. బీ-3 గొర్రె తోలును ఉన్నితో సహా కుట్టింది, బాంబర్ల కోసం. ఇరవై అయిదు వేల అడుగుల ఎత్తులో మైనస్ 40 డిగ్రీల చలి, విమానంలో వేడి ఏర్పాటు అంతంతమాత్రం, పక్క తుపాకీల దగ్గర కిటికీలు తెరిచే ఉండేవి. అలాంటి చోట బతకడానికి చేసింది అది. బ్రిటిష్ వాళ్ల ఇర్విన్ జాకెట్ కూడా ఆ జాతిదే. పారాచూట్లు తయారుచేసిన లెస్లీ ఇర్విన్ పేరు మీద వచ్చింది.

ఎంఏ-1 నైలాన్‌ది, 1950లలో వచ్చింది. జెట్ విమానాల కాక్‌పిట్‌లు ఇరుకు, అందులో లావు తోలు కోటు కుదరదు. పైగా వానకు తడిసిన తోలు పైకి పోయాక గడ్డకట్టి రేకులా బిగుసుకుంటుంది. బొచ్చు కాలర్ పారాచూట్ పట్టీలకు అడ్డం. అందుకని కాలర్ దగ్గర కూడా రిబ్బే వేశారు. 1960 ప్రాంతం నుంచి లోపల నారింజరంగు అస్తర్ వచ్చింది. విమానం కూలి కింద పడ్డ పైలట్ జాకెట్ తిప్పి తొడుక్కుంటే వెతికేవాళ్లకు దూరం నుంచి కనబడతాడు. మన కుర్రాళ్లు బైక్ మీద వేసుకు తిరిగే 'బాంబర్ జాకెట్' దీని మనవడే.

సరే, తెలిసినవాళ్లు వద్దనేవి ఏవి?

కొత్తగా కుట్టింది కావడమే కారణం అనుకోకండి. జపాన్‌లో, అమెరికాలో, బ్రిటన్‌లో పాత జాకెట్ల కుట్లు విప్పి, కొలతలు తీసి, అచ్చం అలాగే మళ్లీ కుట్టే కంపెనీలున్నాయి. అవి కొత్తవే, కొత్తవని చెప్పే అమ్ముతారు, జనం నెలల తరబడి ఎదురుచూసి మరీ కొంటారు. మాకు గిట్టనిది అబద్ధమాడే జాకెట్.

మొదటి వరసలో 1980లు, 90ల నాటి మాల్ జాకెట్లు ఉంటాయి. 1986లో నౌకాదళ పైలట్ల మీద వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా బాగా ఆడింది. అంతే, ఊరూరా దుకాణాల్లో పైలట్ జాకెట్లు వేలాడాయి. కాలర్ కింద 'టైప్ ఏ-2' అని చీటీ ఉంటుంది, ఆకారం మాత్రం వడ్ల బస్తా. అసలు ఏ-2 ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది. వీటిలో ఇద్దరు దూరొచ్చు. తోలు పల్చటి గొర్రె తోలు, పట్టుకుంటే నాప్కిన్‌లా జారుతుంది. వీపు మీద ఒకే ముక్క ఉండాల్సిన చోట నాలుగైదు ముక్కలు అతికించి ఉంటాయి, మిగిలిపోయిన తోలు వాడుకోవాలి కదా మరి. అన్నింటికంటే తేలిగ్గా పట్టిచ్చేది జేబు. అసలు ఏ-2 జేబులోకి పైనుంచే చెయ్యి పోతుంది. పక్కనుంచి వెచ్చగా చెయ్యి దూర్చుకునే సందు ఉండదు. సైనికుడు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడకూడదన్న పట్టింపు వల్ల అని చెబుతారు. మాల్ జాకెట్‌కు ఆ సందు దాదాపు తప్పకుండా ఉంటుంది.

తరవాత మ్యాపు అస్తర్. జిప్పు తీయగానే లోపల బర్మా, చైనా, పసిఫిక్ దీవుల మ్యాపు. చూడగానే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాకూ పులకరించింది. యుద్ధంలో పైలట్లకు పట్టు మీద, రేయాన్ మీద అచ్చువేసిన మ్యాపులు ఇచ్చిన మాట నిజమే. శత్రువు ఇలాకాలో పడితే దారి వెతుక్కోవడానికి. చప్పుడు కాదు, తడిసినా చిరగదు, మడిచి పెట్టుకోవచ్చు. అయితే అది విడిగా ఇచ్చేవాళ్లు. జాకెట్‌కు అస్తర్‌గా కుట్టలేదు. దారి తప్పినవాడు చలిలో కోటు విప్పి, తిరగేసి, నేల మీద పరుచుకుని మ్యాపు చూస్తాడా? ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

మూడో రకం పుట్టుకతోనే ముసలివి. కొత్త తోలును గరుకు కాగితంతో రుద్ది, రంగు లేపి, పాతదనం తెస్తారు. నిజంగా వాడిన జాకెట్ అంతటా ఒకేలా అరగదు. మణికట్టు అంచు, జేబు మూత, కాలర్ మడత, కుర్చీకి ఆనే వీపు భాగం అరుగుతాయి. చంక కింద రంగు అలాగే ఉంటుంది. రుద్ది పాత చేసింది చంక కింద కూడా సమానంగా వెలిసిపోయి ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టి చూడండి.

మా ఊళ్లలో ఇవి ఎక్కడివి? ఇక్కడెవరు కొన్నారు?

గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏ ఇంట్లో అడిగినా దుబాయ్‌కో మస్కట్‌కో పోయినవాళ్లు ఒకరుంటారు. 1990లలో సెలవుకు వచ్చేటప్పుడు టేప్ రికార్డర్, సెంటు సీసాలు, మెత్తటి రగ్గు, ఒక తోలు జాకెట్ తెచ్చేవాళ్లు. యాభై డిగ్రీల ఎండలో పనిచేసే మనిషి తోలు కోటు ఎందుకు కొన్నాడని అడగకండి. అది వేసుకోవడానికి కాదు, ఊళ్లో బస్సు దిగడానికి. ఈ చుట్టుపక్కల బీరువాల్లో దొరికే 'పైలట్ జాకెట్ల'లో నేను చూసినవి ఎక్కువ ఆ దారిన వచ్చినవే. ఇంకొన్ని పానిపట్ మీదుగా వస్తాయి. విదేశాల్లో వదిలేసిన బట్టలు టన్నులకొద్దీ ఆ ఊరికి చేరతాయి, బాగున్నవి ఏరి సంతలకు పంపుతారు.

ఈ రెండు దారుల్లోనూ మంచి జాకెట్ రాకూడదని లేదు. నా ఎంఏ-1 అలా సంతలో దొరికిందే.

మీరు ఎప్పుడైనా మోసపోయారా?

పోకుండా ఎవడు నేర్చుకుంటాడు? నా మొదటి జాకెట్ 2011లో హైదరాబాద్‌లో, పాత సామాన్ల బజారులో కొన్నాను. పదకొండు వేలు. అమ్మినాయన తన తాత బర్మాలో పైలట్ అన్నాడు. కళ్లల్లో నీళ్లు తెచ్చుకున్నాడు కూడా. నేను బేరమాడడానికి సిగ్గుపడి అడిగినంతా ఇచ్చాను.

ఇంటికి తెచ్చి రెండు రోజులు మురిసిపోయాను. మూడో రోజు మా ఆవిడ లోపలి జేబులో చెయ్యి పెట్టి చిన్న చీటీ బయటికి లాగింది. మీద బకెట్ బొమ్మ, దానికి అడ్డంగా గీత, ఇస్త్రీపెట్టె బొమ్మ. "ఉతకొద్దంట, తాతకు ఎవరు చెప్పిన్రు?" అంది. బట్టల మీద ఇలా ఉతికే సూచనలు పెట్టాలన్న నిబంధన అమెరికాలో వచ్చింది 1970లలో. అప్పుడు జిప్పు చూశాను, రన్నర్ మీద వైకేకే. యుద్ధకాలపు అమెరికా జాకెట్ల మీద టాలన్, క్రౌన్, కాన్‌మార్ లాంటి జిప్పులుంటాయి. వైకేకే జపాన్ కంపెనీ. ఆ రోజుల్లో అమెరికా ఎవరితో యుద్ధం చేస్తోందో ఆలోచించండి. శత్రువు జిప్పు పెట్టుకుని యుద్ధానికి పోయాడన్నమాట ఆ తాత.

ఒక్క జిప్పును బట్టే తేల్చెయ్యకండి. పాత జిప్పు పోతే మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు. మారిస్తే పాత కుట్టు రంధ్రాల పక్కన కొత్త రంధ్రాలు కనబడతాయి. నాదాంట్లో ఒకటే వరస.

ఆ జాకెట్ చివరికి ఒక కాలేజీ నాటకాల బృందానికి ఇచ్చేశాను. నాటకంలో అందరికీ తెలుసు అది వేషమని.

కాలర్ కింద చీటీ ఉంది కదా, అది చూస్తే తేలిపోదా?

చీటీలు విడిగా అమ్ముతారు. పాతవాటి నమూనాలో నేసి, కావాలంటే టీ నీళ్లలో ముంచి కూడా ఇస్తారు. కాబట్టి చీటీని సాక్షిగా తీసుకోండి, జడ్జిగా తీసుకోకండి.

అయినా కొన్ని చీటీలు తమను తామే పట్టిస్తాయి. అమెరికా వైమానిక దళం సైన్యం నుంచి విడిపోయి సొంత దళం అయింది 1947 సెప్టెంబరులో. అంతకుముందు జాకెట్ల మీద 'ఎయిర్ కార్ప్స్, యూఎస్ ఆర్మీ' అనో 'ఎయిర్ ఫోర్స్, యూఎస్ ఆర్మీ' అనో ఉంటుంది. '1942' అని చెప్పి కింద 'యూఎస్ఏఎఫ్' (యూఎస్ ఎయిర్ ఫోర్స్) అని ఉంటే దండం పెట్టి వచ్చెయ్యండి. ఏ-2 చీటీ మీద 30-1415 అనే డ్రాయింగ్ నంబరు ఉంటుంది. అది నకిలీ చేసేవాళ్లకూ తెలుసు.

నైలాన్ జాకెట్ల చీటీ ఎక్కువ ఉపయోగపడుతుంది. కాంట్రాక్ట్ నంబరు 'డీఎస్ఏ' అని మొదలైతే 1977కు ముందుది, 'డీఎల్ఏ' అయితే ఆ తరవాతది. డిఫెన్స్ సప్లై ఏజెన్సీ ఆ ఏడాది పేరు మార్చుకుంది. డీఎస్ఏ-100 తరవాత వచ్చే రెండంకెలు ఆర్థిక సంవత్సరం. 69 ఉంటే 1969.

నిజంగానే పాతదైనా వద్దనేవి ఉంటాయా?

ఉంటాయి. కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

యుద్ధకాలపు బీ-3ని చాలామంది మ్యూజియంలో చూసి సంతోషిస్తారు, ఇంటికి తెచ్చుకోరు. గొర్రె తోలు పైన పూసిన పూత ఎనభై ఏళ్లలో పెచ్చులు లేస్తుంది. లోపల తోలు ఎండి అప్పడంలా అవుతుంది. చెయ్యి దూర్చితే భుజం దగ్గర పుటుక్కుమంటుంది. కుట్టిద్దామంటే సూది దిగిన ప్రతి చోటా ఇంకో చిరుగు. నేను చౌరస్తా టైలర్ దగ్గరికి మోసుకుపోయింది అలాంటిదే. ఆయన రెండు వేళ్లతో అంచు పట్టుకుని చూసి "సారూ, ఇది కుట్టేది కాదు, దండేసేది" అన్నాడు.

రెండోది తోలుకు వచ్చే ఎర్రకుళ్లు. చెట్ల బెరడుతో ఊనిన, అంటే పదును పట్టిన, తోలు ఏళ్ల తరబడి తేమకూ మురికి గాలికీ ఉంటే ఆమ్లం పుట్టి లోపల్నుంచి తినేస్తుంది. పట్టుకుంటే వేళ్లకు ఇటుకపొడి లాంటిది అంటుతుంది. అది వెనక్కి రాదు. మ్యూజియంవాళ్లు సెల్యులోజ్ జిగురును ఆల్కహాల్‌లో కలిపి పూసి పొడి రాలకుండా ఆపగలరు, అంతే. నూనె పూస్తే ఇంకా నల్లబడి మెత్తగా పోతుంది.

మూడోది సైజు. ఆనాటి సైనికులు ఇరవై ఏళ్ల బక్కపిల్లలు. ఎక్కువగా దొరికేవి 36, 38 ఛాతీ. నలభై దాటాక, రోజూ రెండు పూటలా అన్నం తినే మనిషికి అవి మెడ దగ్గరే ఆగుతాయి. లక్షలు పోసి హ్యాంగర్‌కు తొడగడానికి కొనాలా అన్నది మీ ఇష్టం.

ఇక నాజీ జర్మనీ వైమానిక దళపు జాకెట్లు. అసలువి చాలా అరుదు, నకిలీలు కుప్పలు. అది పక్కన పెట్టినా నాకు అవి వద్దు. చరిత్ర అని కొనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. మా ఇంట్లో బీరువా తలుపు తీస్తే మాత్రం ఆ గుర్తు కనబడకూడదు.

వీపు మీద బొమ్మలు, ఛాతీ మీద ప్యాచ్‌లు ఎన్ని ఉంటే అంత విలువా?

తిరగేసి చెప్పుకోండి. ప్యాచ్ అంటే స్క్వాడ్రన్ గుర్తు, స్క్వాడ్రన్ అంటే ఒక విమానాల జట్టు. ఒక పైలట్ ఒక స్క్వాడ్రన్‌లో ఉంటాడు, మారితే రెండు, మూడు. పన్నెండు ప్యాచ్‌లు, అందులో సగం ఆర్మీవి, సగం నేవీవి ఉంటే అది జాకెట్ కాదు, మేడారం జాతరకు పోయే లారీ అద్దం.

వీపు మీద ఆడబొమ్మ, కింద వరసగా బాంబుల గుర్తులు వేయించుకున్న జాకెట్లు నిజంగానే ఉన్నాయి. ఒక్కో బాంబు ఒక్కో దాడికి లెక్క. దొరికితే చాలా ఖరీదు. అందుకే ఖాళీ పాత జాకెట్ కొని వీపు మీద కొత్తగా గీసి అమ్మేవాళ్లు తయారయ్యారు. పాత రంగు తోలు పగిలిన చోట తోలుతో పాటే పగులుతుంది. కొత్త రంగు పగుళ్లలోకి దిగి ఉంటుంది. ఈ ఒక్క తేడా నన్ను రెండుసార్లు కాపాడింది.

ప్యాచ్‌ల దారం కోసం దొంగనోట్లు చూసే నీలం లైటు పెట్టి చూడండి. తరవాతి కాలపు పాలిస్టర్ దారం తెల్లగా మెరుస్తుంది. సబ్బుపొడితో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి.

మనకు సంబంధించిన మాట ఒకటి. యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సామాను మోసిన అమెరికా విమానాల వాళ్లు తమ ప్యాచ్‌లు చాలావరకు ఇక్కడే, భారతదేశంలోనే చేయించుకున్నారు. రంగు రంగుల తోలు ముక్కలు కోసి, అతికి, చేత్తో కుట్టినవి, జరీతో చేసినవి. ఏ పనివాడు చేశాడో పేరు లేదు. ఇవాళ అమెరికాలో వాటికి మంచి ధర. చైనా జెండా, చైనా అక్షరాలు ఉండే 'బ్లడ్ చిట్'లు కూడా అప్పటివే. ఈ పైలట్‌కు సాయం చెయ్యండి అని స్థానికులకు రాసిన చీటీ అది. నకిలీలు విపరీతంగా ఉన్నది కూడా దీంట్లోనే.

నిజాం కాలపు 'హైదరాబాద్ స్క్వాడ్రన్' జాకెట్ అని ఒకాయన చూపించాడు. నమ్మొచ్చా?

స్క్వాడ్రన్లు నిజం. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో 1918లో బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు వచ్చాయి, దాని పేరులో హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరుతో ఎగిరాయి. 152వ స్క్వాడ్రన్ గుర్తులో నిజాం తలపాగా ఉంటుంది. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్లతో పోరాడి, తరవాత బర్మాకు వచ్చింది.

అయితే ఇవన్నీ బ్రిటిష్ వైమానిక దళపు స్క్వాడ్రన్లు. ఏ-2 అమెరికా జాకెట్. నాకు చూపించినదాంట్లో ఏ-2 మీద నిజాం తలపాగా ప్యాచ్, పక్కన మన మూడు రంగుల వలయం. ముగ్గురు రాజుల పెళ్లికి ఒకే పందిరి. మన వైమానిక దళం 1932లో పుట్టినా, యుద్ధకాలంలో దానికి అందింది బ్రిటిష్ సరంజామాయే.

రెక్సిన్ జాకెట్ కొంటే తప్పా?

తప్పేం లేదు. చలికి పనికొస్తుంది, చవక. 'వీగన్ లెదర్' అని పేరు మార్చి తోలు ధరకు అమ్మితే మాత్రం కొనకండి. ఆ పాలీయూరితేన్ పూత గాల్లో తేమకు మెల్లగా విరిగిపోతుంది. వాడినా వాడకపోయినా కొన్నేళ్లకు కాలర్ దగ్గర మొదలై పాము కుబుసంలా రాలుతుంది. దానికి మందు లేదు.

అమ్మ అడుగుతోంది, ఇది ఏ తోలు?

అడగాల్సిన ప్రశ్నే, చాలా ఇళ్లలో ముందు వచ్చేది ఇదే. చీటీ మీద 'జెన్యూన్ లెదర్' అని ఉంటే దాంతో ఏమీ తెలియదు. గుర్రపు తోలు బిర్రుగా, నునుపుగా ఉండి మడతల దగ్గర మెరుస్తుంది. మేక తోలు మీద సన్నటి గరుకు గింజలు కనబడతాయి, పల్చగా ఉన్నా గట్టిది. గొర్రె తోలు మెత్తన, గీరితే గీత పడుతుంది. మన దేశంలో చేసినవాటిలో గేదె తోలు ఎక్కువ, రంధ్రాలు పెద్దవి, దళసరి.

పైన చెట్ల బెరడుతో ఊనడం అన్నాను కదా, అది మనకు కొత్త కాదు. మన ఊళ్ల లందల్లో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోలు ఊనేవాళ్లు. బతుకమ్మలో పెట్టే ఆ తంగేడే. పాత ఏ-2 తోలు వాసన చూసినప్పుడల్లా నాకు మా ఊరి చెప్పులు కుట్టే తాత ఇంటి ముంగిలి గుర్తొస్తుంది.

కొబ్బరినూనె పూయొచ్చా?

వద్దు. దుమ్ము పడుతుంది, కంపు కొడుతుంది, తరవాత బూజు.

వానాకాలంలో బూజు పడుతోంది. ఏం చెయ్యాలి?

ప్లాస్టిక్ కవర్‌లోంచి తీయండి. సగం బూజు ఆ కవర్ వల్లే. పాత కాటన్ చీరతో కప్పి, వెడల్పు హ్యాంగర్‌కు వేలాడదీయండి. బీరువా అయితే వారానికోసారి తలుపులు తీసిపెట్టండి. బూజు పడితే బయటికి తెచ్చి పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. మన మే నెల ఎండలో పెడితే ఒక్క పూటకే చెక్కబారుతుంది. ఊలు రిబ్బును పురుగు తింటుంది, దానికి నాఫ్తలీన్ గోళీలు గుడ్డలో కట్టి తోలుకు తగలకుండా పెట్టాలి.

వరంగల్ చలికి అసలు తోలు జాకెట్ అవసరమా?

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కాజీపేట స్టేషన్‌కు బండి మీద పోయేవాడికి అవసరం. ఆదిలాబాద్ వైపైతే ఒక్క అంకెకు పడిపోతుంది, ఇంకా అవసరం. తొమ్మిది దాటాక ఎవరికీ అక్కర్లేదు. మైనస్ 40కి కుట్టిన బీ-3 ఇక్కడ వేసుకుంటే జాకెట్ బతుకుతుంది, మీరు ఉడుకుతారు. నేను ఒకసారి వేసుకుని హన్మకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి దాకా నడిచాను. దానితో సరి.

ప్రీ-వెడ్డింగ్ షూట్‌కు ఫుల్ ప్యాచ్‌లతో కావాలి. మీ దగ్గర దొరుకుతుందా?

దొరకదు. అద్దె బట్టల దుకాణంలో దొరుకుతుంది. లక్నవరం వంతెన మీద ఫొటోకు అది చాలు.

మిలిటరీ జాకెట్ వేసుకుంటే పోలీసులు పట్టుకుంటారా?

పాత అమెరికన్ నమూనా ఏ-2, ఎంఏ-1 వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మన సైనికుడినని జనాన్ని నమ్మించాలన్న ఉద్దేశంతో సైనికుల దుస్తులు వేసుకుంటేనే నేరం. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్, మూడు నెలల దాకా జైలు. 2016లో పఠాన్‌కోట్ దాడి తరవాత సైన్యం కూడా తమ పోరాట దుస్తుల్లాంటివి వేసుకోవద్దని జనాన్ని కోరింది. మన వైమానిక దళపు ర్యాంకు పట్టీలు, రెక్కల బ్యాడ్జీ తగిలించుకుని తిరగకండి. కేసు సంగతి తరవాత, వాటిని సంపాదించుకున్నవాళ్లు చూస్తే బాగుండదు.

జిప్పు పోయింది. మార్పించాలా?

రోజూ వేసుకునేదైతే మార్పించండి, బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర తోలుకు సరిపడే మిషన్ ఉంటుంది. ముందు రన్నర్ మాత్రం మార్చి చూడమనండి, చాలాసార్లు పోయేది అదే. నిజంగా పాతదైతే తీసిన జిప్పును పారెయ్యకుండా కవర్‌లో వేసి జాకెట్ జేబులోనే పెట్టండి.

మొదటిసారి కొనేవాడికి ఏది చెబుతారు?

నైలాన్ ఎంఏ-1. తేలిక, బూజు భయం తక్కువ, చీటీ చదివితే ఏడాది తెలుస్తుంది, నకిలీ అయినా పోయేది కొద్దిగానే. తోలే కావాలంటే, కొత్తదని చెప్పి అమ్మే మంచి కొత్తది కొనండి. 'తాతది' అన్న మాట వినబడితే ధర తగ్గించి అడగండి, పెంచి కాదు.

మీ దగ్గర మిగిలిన మూడూ ఏవి? అమ్ముతారా?

ఒకటి సంతలో దొరికిన ఎంఏ-1, డీఎస్ఏ చీటీది. రెండోది కొత్తగా కుట్టిన ఏ-2, మూడేళ్లు డబ్బు కూడబెట్టి తెప్పించుకున్నాను. ఈ రెండూ మంచి ధర వస్తే ఇస్తానేమో.

మూడోది మా బావది. 1994లో దుబాయ్ నుంచి తెచ్చాడు. పక్క జేబులు, బస్తా ఆకారం, వీపు మీద అయిదు ముక్కలు, లోపల మ్యాపు. పైన చెప్పిన తప్పులన్నీ ఉన్నాయి. బావ ఏనాడూ దాన్ని యుద్ధానిదని చెప్పలేదు, "డెయిరా బజార్ల కొన్న, బేరమాడితే సగానికి ఇచ్చిండు" అని మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆయన పోయాక అక్క నాకిచ్చింది. మ్యాపులో రంగూన్ ఉన్న చోట అస్తర్ చిరిగితే అక్కే తన పాత జాకెట్ ముక్క వేసి కుట్టింది, ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలది. తెల్లవారి రైలుకు పోయే రోజు నేను వేసుకునేది అదే. అమ్మను.